తొమ్మిదో మేకు చాబీ

దెయ్యాల సంగతులు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ చిరాకు. ఇరవై ఎనిమిదేళ్లు బస్సు డిపో స్టోర్స్‌లో పనిచేసిన మనిషిని. అక్కడ ఒక బోల్టు కనబడలేదంటే ఎవరో తీసుంటారు, లేదంటే ఎవరో రాయడం మరిచిపోయుంటారు. మూడో కారణం ఉండదు. మా ఆవిడ అనసూయ అమావాస్యనాడు గుమ్మానికి నిమ్మకాయ కడితే, దీనికి కూడా స్టోర్స్‌కు సరుకు కావాలని ఇండెంట్ రాయమంటావా అని ఎగతాళి చేసేవాణ్ని. ఇప్పుడు చెప్పేది నమ్మమని ఎవర్నీ అడగను. బతిమాలే ఓపిక కూడా లేదు. జరిగింది జరిగినట్టు ఒకచోట రాసిపెడితే తల కొంచెం తేలికపడుతుందని ఆశ, అంతే.

మూడేళ్ల కిందట ముందుగానే రిటైర్మెంటు తీసుకుని పట్నం అంచున, జహనుమా అవతల ఒక జాగా లీజుకు పట్టాను. ఒకప్పుడు అది గౌలిపుర పాలవాళ్ల బర్రెల దొడ్డి. చుట్టూ గోడ కట్టించి, రేకుల గేటు పెట్టించి, నాలుగు కెమెరాలు, రెండు స్నానాల గదులు, నవారు మంచాలతో ఒక షెడ్డు వేయించాను. దూరాల నుంచి వచ్చే లారీలకు పైసలు తీసుకుని భద్రంగా పార్కింగ్ ఇవ్వడం నా వ్యాపారం.

ఊళ్లోకి పగలు పెద్ద లారీలను రానివ్వరు. డ్రైవర్లు రాత్రి సరుకు దింపి, ఉంటే కొత్తది ఎక్కించుకుని, తెల్లారేలోపు బయటపడి, ఎక్కడో రోడ్డు పక్కన ఆపుకుని పగటిపూటే పడుకోవాలి. పడుకుంటే డీజిల్ పోతుంది, స్టెప్నీ పోతుంది, మీద కప్పిన తాడిపత్రి పట్టా కోసి సరుకు లాగేస్తారు. అందుకని పడుకోరు. ఎర్రటి కళ్లతో చాయ్ మీద చాయ్ తాగి మళ్లీ స్టీరింగు పట్టుకుంటారు.

ఇది నేను ఎవరి దగ్గరో విన్నది కాదు. మా అన్న రాజేశం లారీ డ్రైవరు. నాకు పంతొమ్మిదేళ్లప్పుడు, రెండు రాత్రులు కన్ను మూయకుండా నడిపి, కర్నూలు రోడ్డు మీద స్టీరింగు ముందే నిద్రపోయాడు. మళ్లీ లేవలేదు. డ్రైవర్లు గుండెల మీద చెయ్యేసుకుని పడుకునే జాగా ఒకటి పెట్టాలని అప్పటినుంచీ నా మనసులో ఉండేది. అనసూయతో మాత్రం మంచి వ్యాపారమని చెప్పాను. అసలు మాట చెబితే ఒప్పుకునేది కాదు.

గేటు మీద పెయింటరుతో పెద్ద అక్షరాల్లో రాయించాను. ‘ఇక్కడ ఏదీ పోదు.’ ఆ రోజు ఆ నాలుగు గజాల రేకు చూసుకుని ఎంత మురిసిపోయానో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

గేటు దగ్గర ఖాజా భాయ్ ఉంటాడు. ముప్ఫై ఏళ్లు లారీ తోలి, మోకాలు అరిగిపోయి దిగినవాడు. మా జాగా చిన్నది కాబట్టి లారీలు ఒకదాని వెనక ఒకటి నిలబడాలి. వెనకవాడు వెళ్లాలంటే ముందువాణ్ని నిద్ర లేపకుండా ఖాజా భాయే బండి జరుపుతాడు. అందుకని లోపలికి రాగానే బండి తాళంచెవి, అదే చాబీ, మాకివ్వాలని రూలు పెట్టాను. గేటు పక్క ఆఫీసు గదిలో నా కుర్చీ వెనక ప్లైవుడ్ చెక్క మీద ముప్ఫై మేకులు, వాటికి నంబర్లు. చాబీ మేకుకు తగిలించి, అదే నంబరున్న ఇత్తడి బిళ్ళ డ్రైవరుకిస్తాం. బిళ్ళ ఇస్తేనే చాబీ.

“బండి చాబీ డ్రైవర్ మొలతాడుకు ఉండాలె అన్నా. నీ మేకుకు ఎవ్వడిస్తడు?” అని ఖాజా భాయ్ మొదట్లోనే అన్నాడు. నిజమే, మొదటి రెండు నెలలు ఎవరూ ఇవ్వలేదు. గేటు దాకా వచ్చి, రూలు విని, తిట్టుకుంటూ వెనక్కి తిప్పుకుపోయేవాళ్లు. వాళ్లు ఆ రూలుకు అలవాటు పడేసరికి నా బీపీ మాత్ర ఒకటి రెండయింది.

మొదటిసారి పోయింది ఏడో మేకు చాబీ. ఎండాకాలం, పగలు పదకొండు గంటలు. ఉల్లిగడ్డ దింపి పొద్దున్నే వచ్చిన డ్రైవరు స్నానం చేసి, పడుకోకుండా, పోతానని బిళ్ళ చేతికిచ్చాడు. వెనక్కి తిరిగి చూస్తే మేకు ఖాళీ. పొద్దున్నుంచి ఆ కుర్చీలోంచి నేను లేచింది లేదు.

అంతా వెతికాం. చెత్తబుట్ట బోర్లించాం. ఖాజా భాయ్ జేబులు కూడా చూపించమన్నాను, ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధే. “ఏదీ పోదని రాసి పెట్టిన్రు. చాబీయే పాయె. ఏంది భాయ్ ఇది?” అని ఆ డ్రైవరు గంటసేపు లొల్లి పెట్టి, చివరికి అలిసిపోయి షెడ్డులో మంచం మీద ఒరిగాడు. నాలుగింటికి నేను మంచినీళ్లు తాగి కుర్చీ వైపు తిరిగితే, ఏడో మేకుకు చాబీ వేలాడుతోంది.

ఖాజా భాయ్ చేసిన పనే అనుకున్నాను. “చాబీతోని మజాక్ చేస్తనా అన్నా నేను?” అని అతను మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

పదిహేను రోజులకు పన్నెండో మేకు. మళ్లీ పగలే. మళ్లీ అట్లాగే వెతుకులాట, అట్లాగే తిట్లు. ఆ డ్రైవరు లారీ కింద నీడలో తువ్వాలు పరుచుకుని సాయంత్రం దాకా గురకపెట్టాడు. లేచేసరికి చాబీ మేకుకే ఉంది. ఈసారి కెమెరా రికార్డింగు పెట్టుకుని ఆ రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా అంతా చూశాను. గది గుమ్మం దాటి లోపలికి వచ్చింది నేనూ ఖాజా భాయ్ మాత్రమే. మేకుల చెక్క మాత్రం ఆ కెమెరాకు అందదు. స్టోర్స్‌లో పనిచేసినవాణ్ని, అదొక్కటి ముందే ఆలోచించలేదు.

స్టోర్స్ బుద్ధి ఊరుకోదు కదా. మర్నాడే ఒక ఇనుప బీరువా కొని, ఆ చెక్కను అట్లాగే లోపల బిగించి, బీరువా తాళం నా మొలతాడుకు కట్టుకున్నాను. ఇప్పుడెట్లా పోతుందో చూస్తానన్నాను పైకే. నెల తిరక్కుండా ఇరవయ్యో మేకు చాబీ పోయింది.

అది తిరిగి వచ్చినప్పుడు మాత్రం చేతిలోకి తీసుకుని జాగ్రత్తగా చూశాను. రింగు మీద సన్నటి తెల్ల పొడి. రింగు సందులో ఒక బియ్యపు గింజ ఇరుక్కుని ఉంది. పచ్చి బియ్యం. మా దగ్గర పొయ్యి లేదు. ఖాజా భాయ్ హోటల్ నుంచి రొట్టెలు తెచ్చుకుంటాడు, నాకు ఇంటినుంచి క్యారేజీ. బియ్యపు గింజ అక్కడికి వచ్చే దారే లేదు.

ఆ గింజను గోటితో తీసి టేబుల్ మీద పెట్టుకుని చాలాసేపు చూశాను. ఎందుకో చెప్పాలి.

మా అన్న ట్రిప్పు దిగి వచ్చినప్పుడల్లా లారీని సంతోష్‌నగర్ మెయిన్ రోడ్డు మీద ఆపి, గౌలిపురలో మా ఇంటికి చాబీ పట్టుకుని నడిచి వచ్చేవాడు. బువ్వ తిని, గంటలో మళ్లీ పోతాననేవాడు. మా అమ్మ ఆ చాబీని బియ్యం డబ్బాలో, మోచేతి లోతున దాచేసేది. అన్న ఇల్లంతా వెతికేవాడు. “నాకేం తెలుసు బిడ్డా. నువ్వే యాడనో పెట్టుంటవు. నేను ఎతుకుత గని నువ్వు జర పండుకో” అనేది. వాడు నడుం వాల్చిన నిమిషానికే నిద్రపోయేవాడు. లేచాక చాబీ గోడ మేకుకు ఉండేది. అమ్మ పోయి పదకొండేళ్లయింది. ఆ రేకు డబ్బా మాత్రం మా ఇంట్లోనే ఉంది, అనసూయ ఇప్పటికీ అందులోనే బియ్యం పోస్తుంది.

ఈ సంగతి ఖాజా భాయ్‌కి చెప్పలేదు. కానీ అతనికి అతని లెక్క ఉంది. “అన్నా, ఒకటి చూసినవా? చాబీ పోయినోళ్లు ముగ్గురూ పండుకోకుంట పోతమన్నోళ్లే” అన్నాడు. “గిట్ల మాట్లాడకు భాయ్. ఎవరి చెవులన్న పడితే మన దుకాణం బంద్” అని కసిరాను.

నా ఫికర్ అదే. అప్పటికే ఆ దారిలో తిరిగే డ్రైవర్లు, ఆ జాగాలో చాబీలు పోతాయట అనుకోవడం మొదలుపెట్టారు. ఎనిమిది లారీలున్న ఒక ట్రాన్స్‌పోర్టు సేటు బండ్లు మా దగ్గర రోజూ ఆగేవి, నా జాగా బతికేది వాటి మీదే. ఆయన ఫోన్ చేసి, “శంకర్, ఇంకొక్క చాబీ పోయిందని విన్ననంటే నా బండ్లు రావు” అన్నాడు. గేటు మీది ఆ రాతను నమ్ముకుని పెట్టిన జాగా. ఆ రాత పోతే ఇంకేం మిగులుతుంది?

నర్సింలు ఆ సేటు లారీ డ్రైవరే. నలభై దాటినవాడు, నెమ్మదస్తుడు, బిళ్ళ తీసుకునేటప్పుడు రెండు చేతులూ చాచేవాడు. ఒకరోజు పొద్దున ఏడింటికి వచ్చాడు. మనిషి నిలబడ్డచోటే తూలుతున్నాడు. తొమ్మిదో మేకుకు చాబీ నా చేతులతో తగిలించి బీరువా వేశాను. పన్నెండు కాకముందే వచ్చి బిళ్ళ పెట్టాడు.

“పండుకోలేదా?” అన్నాను.

“సేటు ఫోన్ మీద ఫోన్ చేస్తుండన్నా. పొద్దుమూకే లోపట కర్నూల్ల లోడ్ కాడ ఉండాలె.”

బీరువా తెరిచాను. తొమ్మిదో మేకు ఖాళీ.

ఆ క్షణంలో నాకు నర్సింలు కళ్లు కనబడలేదు. సేటు ఫోను వినబడింది. ఎనిమిది లారీలు, గేటు మీద రాత, అనసూయకు చెప్పిన మాటలు, అవే కనబడ్డాయి. ప్రతి లారీలోనూ డూప్లికేట్ చాబీ ఒకటి ఎక్కడో దాచి ఉంటుంది. అది తీసి పొమ్మన్నది నేనే. చాబీ దొరకలేదని సేటుకు చెప్పొద్దని బతిమాలాను కూడా. సీటు కింద రెగ్జిన్ కుట్టు విప్పి అతను దాన్ని తీశాడు. ఆ తొందరలో బిళ్ళ మళ్లీ తన జేబులోనే వేసుకుపోయాడు.

ఖాజా భాయ్ గేటు ముందు నిలబడి కదలలేదు. “పోనియ్యకన్నా. జర పండుకోనియ్యి. రెండు గంటలే” అన్నాడు.

“నువ్వు జరుగుతవా, నౌకరీ ఇడిచిపెడతవా?” అని అరిచాను. అతను నా ముఖం చూసి గేటు తీశాడు.

మూడున్నరకు బీరువా తెరిచాను. తొమ్మిదో మేకుకు చాబీ ఉంది, తెల్ల పొడితో సహా. ఇంత లేటుగా ఎందుకు వచ్చావని దాన్నే తిట్టాను. సాయంత్రం ఫోను వచ్చింది. జడ్చర్ల దాటాక, రోడ్డు పక్కన ఆగి ఉన్న ట్రైలరును వెనకనుంచి గుద్దాడు. బ్రేకు వేసిన గుర్తు కూడా రోడ్డు మీద లేదట. ప్రాణం దక్కింది. తర్వాత దవాఖానాలో కుడికాలు మోకాలి కిందికి తీసేశారు.

ఇంటికి వెళ్లి అనసూయకు మొదటిసారి అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె లేచి వంటింట్లోకి వెళ్లి డబ్బా మూత తీసి చూసి వచ్చింది.

“ఇందాక రాత్రి వంటకు బియ్యం తీద్దామని చూస్తే నడిమధ్యల పెద్ద గుంట ఉంది. మోచెయ్యి దాక చెయ్యి పెట్టి తీసినట్టు. గిట్లనే ఇంతకుముందు గూడ రెండుమూడు మాట్ల అయింది. నువ్వే పైసలు దాస్తున్నవేమో అనుకున్న. అడిగితే మళ్ల లొల్లి అని ఊకున్న” అంది.

నేను ఏడ్చాను. ఆమెకు కూడా ఎప్పుడూ చెప్పని మాట ఒకటి ఆ రాత్రి చెప్పాను. మా అన్న ఆఖరిసారి ఇంటికి వచ్చినప్పుడు కూడా అమ్మ చాబీ దాచింది. “సేటు తిడుతుండురా తమ్మీ, యాడుందో చూడు” అని అన్న నన్ను అడిగాడు. అమ్మ నీళ్లకు పోయింది. నేను డబ్బాలో చెయ్యి పెట్టి తీసిచ్చాను. అన్న నవ్వి, నా నెత్తి మీద ఒకటి కొట్టి, పోయాడు. అమ్మ బిందెతో వచ్చి మోచేతి దాకా తెల్లగా ఉన్న నా చెయ్యి చూసింది. ఏమీ అనలేదు. శవం వచ్చినప్పుడు అనలేదు, తర్వాత బతికిన ఇన్నేళ్లలో ఒక్కసారీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

సేటు బండ్లు రావడం మానేశాయి. సగం జాగా ఖాళీగానే ఉంటోంది. ఆ ప్రమాదం మర్నాడే ఖాజా భాయ్ చేతులు పట్టుకుని, అలా అన్నందుకు క్షమించమన్నాను. తర్వాత పెయింటర్‌ని పిలిచి గేటు మీద రాత చెరిపించాను. పిచ్చోడనుకున్నాడు. ఇంటినుంచి ఆ రేకు డబ్బా, సగానికి బియ్యంతో, తెచ్చి నా కుర్చీ పక్కన పెట్టుకున్నాను. ఎర్రకళ్ల డ్రైవరు ఎవరైనా పడుకోకుండా పోతానంటే, బీరువా తెరిచి, చాబీ తీసి, బియ్యంలో దాచి, కనబడ్తలేదు జర ఆగమని అబద్ధం చెబుతాను. ఇరవై ఎనిమిదేళ్లు ఒక్క వస్తువు పోనివ్వని మనిషిని, ఇప్పుడు నేనే పోగొడుతున్నాను. తిట్లు తింటాను. ఆ ముసలాయన చాబీలు యాడనో పారేస్తడు గని నిద్ర మాత్రం మంచిగ పడ్తది అని డ్రైవర్లు నవ్వుకుంటారట. నేను దాచడం మొదలుపెట్టాక చాబీలు వాటంతట అవి పోవడం ఆగిపోయింది.

నర్సింలు చాబీని మాత్రం తొమ్మిదో మేకుకే ఉంచాను. అడగడానికి ఎవరూ రాలేదు. బండి తుక్కు కింద పోయింది.

ఐదు నెలల తర్వాత ఒకరోజు పదకొండింటికి గేటు ముందు ఆటో ఆగింది. నర్సింలు చంకల కింద కర్రలతో దిగాడు. లేచి నా కుర్చీ అతని వైపు జరిపాను. అతను జేబులోంచి ఇత్తడి బిళ్ళ తీసి టేబుల్ మీద పెట్టాడు.

“నా తాననే ఉండిపోయిందన్నా. ఒకలది మన తాన ఉంచుకోవద్దు. చాబీ దొరికిందా?”

“దొరికింది. నాదే తప్పు నర్సింలూ. నేనే పంపిన నిన్ను.”

“నువ్వు పంపకపోతే గోడ దుంకి పోతుంటి. సేటు అట్ల చేసిండు” అన్నాడు. తర్వాత షెడ్డు వైపు చూస్తూ, “కండ్లు మూస్తే ఆ ట్రైలరే అగుపడ్తదన్నా. అయిదు నెల్లాయె మంచిగ పండుకోక. దవాఖాన్ల గోలీలిచ్చిన్రు, పని చేస్తలేవు” అన్నాడు.

చాబీ ఇద్దామని బీరువా తెరిచాను. తొమ్మిదో మేకు ఖాళీ.

ఆ పొద్దున్నే గుడ్డతో దుమ్ము తుడుస్తూ దాన్ని పక్కకు జరిపి, మళ్లీ సర్దాను. బీరువా తాళం నా మొలతాడుకే ఉంది. ఎక్కడ చూడాలో నాకు తెలుసు, డబ్బా నా కాలికి తగిలేంత దగ్గరలో ఉంది. నేను చెయ్యి పెట్టలేదు.

“ఇప్పుడే చూసిన, కనబడ్తలేదు” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. “నేను ఎతుకుత గని నువ్వు జర పండుకో.”

అతను చిన్నగా నవ్వి, “మళ్ల పోయిందా?” అన్నాడు. కర్రలు గోడకు ఆనించి, నవారు మంచం మీద ఒరిగాడు. ఖాజా భాయ్ చాయ్ తెచ్చేసరికి నిద్రపోయాడు. గేటు బయట ఆటోవాడు హారన్ కొడితే, ఖాజా భాయ్ వెళ్లి వాడి చేతిలో కిరాయి పెట్టి పంపించేశాడు. మధ్యాహ్నమైంది, ఎండ షెడ్డు దాటింది, రెండు లారీలు వచ్చాయి, ఒకటి పోయింది. నర్సింలు పక్కకు కూడా తిరగలేదు.

ఆరింటికి బీరువా తెరిచి చూశాను. చాబీ మేకుకు ఉంది. రింగులో బియ్యపు గింజ. డబ్బా మూత తీస్తే నడిమధ్య గుంట. నువ్వు పెట్టావా అని ఖాజా భాయ్‌ని అడిగాను. అతను అదే మాట నన్నడిగాడు.

నా చేతులు మోచేతుల దాకా తిప్పి తిప్పి చూసుకున్నాను. శుభ్రంగా ఉన్నాయి. దీనికి నా దగ్గర కారణం లేదు, ఏ రిజిస్టరులో ఎట్లా రాయాలో తెలియదు. వెతకడం మానేశాను. చాబీ తీసి నర్సింలు తల పక్కన పెట్టి, మంచం కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఖాజా భాయ్ లేపుదామా అని సైగ చేశాడు. వద్దన్నాను.